మళ్లీ మహమ్మారి వస్తే బడి తెరవాలా? ఓరుగల్లు పల్లెల కోసం ఒక పోలిక

కరోనా రోజుల్లో ఇంటింటా ఒకటే ప్రశ్న నడిచింది: బడి తెరవాలా, వద్దా? అలా అడిగితే జవాబులు రెండే ఉంటాయి. కానీ 2020 మార్చి నుంచి 2022 ఫిబ్రవరి దాకా తెలంగాణలో జరిగిందంతా ఒకసారి నెమరేసుకుంటే, మన ముందు కనీసం ఐదు దారులు ఉండేవని తెలుస్తుంది. అన్నీ మూసి టీవీలో పాఠాలు చెప్పడం ఒకటి. పెద్ద తరగతులు ముందు తెరవడం రెండోది. చిన్న తరగతులు ముందు తెరవడం మూడోది, దీన్ని మనం ప్రయత్నించనే లేదు. పిల్లల్ని జట్లుగా విడదీసి వంతులవారీగా పిలవడం, లేదా టీచరే వాడకు వెళ్లి చెప్పడం నాలుగోది. అందరినీ ఒకేసారి పిలవడం ఐదోది.

వీటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ పల్లెలే నా మనసులో ఉన్నాయి. ఇంట్లో వైఫై, గదికో ఫ్యాను, తలకో ఫోను ఉన్న కుటుంబం లెక్క వేరే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కరోనా లాంటి రోగమే మళ్లీ వస్తే ఊళ్లోని ప్రాథమిక పాఠశాలను అన్నింటికంటే ఆఖరున మూయాలి, అన్నింటికంటే ముందు తెరవాలి. హాస్టల్ ఉన్న బడిని మాత్రం దీంతో కలపకుండా విడిగా తూచాలి.

ఎంతకాలం మూశాం

తేదీలు గుర్తు చేసుకోవడం అవసరం, ఎందుకంటే చాలామంది "ఏదో ఒక ఏడాది పోయింది" అనుకుంటున్నారు. బడులు 2020 మార్చి 16న మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, ఫిబ్రవరి 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు తలుపులు తెరుచుకున్నాయి. మార్చి 24న మళ్లీ అన్నీ మూసేశారు. ఆ తర్వాత అన్ని తరగతులూ మొదలైంది 2021 సెప్టెంబరు 1న. అంటే ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలు ఏకధాటిగా పదిహేడున్నర నెలలు బడి ముఖం చూడలేదు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన బిడ్డ, మొదటిసారి బెంచీ మీద కూర్చునేసరికి రెండో తరగతిలో ఉంది. ఆ బిడ్డకు అక్షరాలు దిద్దించిన చేయి లేదు.

అదే కాలంలో మద్యం దుకాణాలు 2020 మే 6నే తెరుచుకున్నాయి. ఖజానాకు డబ్బు కావాలి, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఊళ్లో ఏది ముందు తెరుస్తామన్నదాన్ని బట్టే మనకు ఏది ముఖ్యమో పిల్లలకు తెలిసిపోతుంది. ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రమాదమని 2021 మార్చిలో బడులు మూశాం. సెకండ్ వేవ్ ఎగసిపడుతున్న ఏప్రిల్ 30న గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి, ఆ పోలింగ్ డ్యూటీల్లో టీచర్లూ ఉన్నారు. పిల్లల ముందు నిలబడటానికి భద్రత లేదన్న మనిషిని ఓటర్ల వరుస ముందు కూర్చోబెట్టకూడదు. బడి గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు ఊళ్లో ఇంకా ఏమేం నడుస్తున్నాయో పక్కన రాసి చూడండి. పెళ్లిళ్లు, సంత, ఫంక్షన్ హాళ్లు నడుస్తుంటే ఒక్క బడి మూసినంత మాత్రాన రోగం ఆగదు.

అన్నింటికంటే ముందు అడగాల్సింది

ఈ రోగం ఎవరిని పడగొడుతోంది? ఈ జవాబు తెలియకుండా ఏ దారీ ఎంచుకోవద్దు. కరోనా వయసు పైబడినవాళ్లను, షుగర్, బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లను ఎక్కువగా దెబ్బతీసింది. పిల్లల్లో తీవ్రమైన కేసులు తక్కువ. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ అలా కాదు, అది పిల్లల్లో, వయసులో ఉన్నవాళ్లలో ఎక్కువగా పాకింది. రేపు వచ్చేది ఫ్లూ రకమైతే నేను పైన చెప్పిన వరుస తిరగబడుతుంది, చిన్న తరగతుల్నే ముందు మూయాల్సి రావచ్చు. మొదటి కొన్ని వారాలు ఏమీ తెలియదు కాబట్టి మూయడం తప్పు కాదు. 2020 మార్చిలో మూయడం నా లెక్కలో సరైన పనే. జబ్బు తీరు తెలిశాక కూడా అదే నిర్ణయాన్ని పట్టుకుని కూర్చోవడం దగ్గరే నష్టం జరిగింది.

దీనికి నా దగ్గరున్న గట్టి ఆధారం దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ చేసిన నాలుగో సీరో సర్వే, అంటే రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే సర్వే. 2021 జూన్, జూలై నెలల్లో దేశంలోని 70 జిల్లాల్లో చేశారు. మన పాత వరంగల్ జిల్లాలోని జనగామ కూడా అందులో ఉంది. దేశం మొత్తం మీద ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, పది నుంచి పదిహేడేళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నాయి. పిల్లలకు టీకా లేని రోజులవి. అంటే బడులు మూసి ఉన్నా సగానికి పైగా పిల్లలకు వైరస్ సోకి పోయింది. చాలావరకు ఇంట్లోనో, వాడలోనో వచ్చి ఉండాలి. ఆ సర్వే వివరాలు చెప్పినప్పుడే అప్పటి ఐసీఎంఆర్ అధిపతి డాక్టర్ బలరామ్ భార్గవ, తెరిచేటప్పుడు ప్రాథమిక పాఠశాలలతో మొదలుపెట్టడం మంచిదన్నారు. టీచర్లకు, సిబ్బందికి టీకాలు వేశాకే అని కూడా చెప్పారు.

మూసి, టీవీలో పాఠాలు

2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు వచ్చాయి. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా. పాఠాలు బాగా తయారుచేశారు, ఆ టీచర్ల శ్రమను తక్కువ చేయను. ఇంటర్నెట్ లేని ఇంటికి కూడా టీవీ చేరుతుంది కాబట్టి ఫోన్ పాఠాల కంటే ఇది మేలు. అయినా దీన్ని బడికి బదులుగా లెక్కించలేం. ఒకటి, రెండు తరగతులకు అందులో చోటే లేదు. చదవడం రాని పిల్లకు టీవీ ఏం నేర్పుతుంది? తప్పు చదివితే ఆపి సరిచేసే మనిషి కావాలి కదా. పొద్దున్నే అమ్మానాన్న కూలికి పోయాక టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్లు ఎవరు? ఏటూరునాగారం, తాడ్వాయి అడవి పల్లెల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. స్మార్ట్‌ఫోన్ ఉన్నా ఒకటే ఉంటుంది, అది నాన్న జేబులో పనికి పోతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే పెద్దబ్బాయికి ఇచ్చి ఆడపిల్లను అంట్లు తోమమంటారు. మంచి ఇళ్లలో కూడా ఇది జరిగింది.

ఈ దారికి అసలు ఖర్చు బడి బయట పడుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి పత్తి ఏరతారు, సంక్రాంతి దాటాక మిరప కాయ తెంపుతారు. బడి లేకపోతే పన్నెండేళ్ల పిల్ల తల్లి వెంట చేనుకు పోతుంది. మొదటి వారం తోడుగా పోతుంది, తర్వాత కూలి లెక్కలోకి వస్తుంది, ఆ కూలి డబ్బుకు ఇల్లు అలవాటు పడ్డాక బడి తెరిచినా పంపడం కష్టం. పదో తరగతి వయసు ఆడపిల్లకు సంబంధాలు రావడం మొదలవుతుంది. మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది. బియ్యం ఇంటికి చేర్చవచ్చేమో కానీ, బడిలో ఆ బిడ్డ పళ్లెంలో పడే వేడి అన్నం, గుడ్డు ఇంట్లో అందరికీ పంచుకోగా ఆమెకు ఎంత దక్కుతుందో చెప్పలేం.

చదువు ఎంత పోయిందో పల్లె పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే చెప్పింది. దేశ గ్రామీణ ప్రాంతాల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగే మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉంటే, 2022 నాటికి 20.5 శాతానికి పడిపోయారు. ఐదో తరగతిలో 50.5 నుంచి 42.8కి దిగింది. అందుకే టీవీ పాఠాలను రెండు మూడు వారాల మూతకు ఆసరాగా వాడండి. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు సంక్రాంతి సెలవులు పొడిగించి, ఫిబ్రవరి 1న తిరిగి తెరిచారు. అలాంటి చిన్న విరామానికి అవి సరిపోతాయి.

పదో తరగతి ముందా, ఒకటో తరగతి ముందా

అందరూ పదో తరగతి వైపే మొగ్గుతారు. బోర్డు పరీక్ష ఉంది, పెద్దపిల్లలు మాస్కు పెట్టుకుంటారు, చెబితే వింటారు. 2020లో మూడు పేపర్లు రాశాక పరీక్షలు ఆగిపోయి, చివరికి జూన్‌లో ఇంటర్నల్ మార్కులతోనే అందరినీ పాస్ చేయడం చూసిన తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఉండటం సహజం.

కానీ రెండు వైపులా పెట్టి చూడండి. పదో తరగతి పిల్లవాడు పుస్తకం తీసి సొంతంగా కొంతైనా చదవగలడు, టీవీ పాఠం అర్థం చేసుకోగలడు, వాట్సాప్‌లో సార్‌ను డౌట్ అడగగలడు. హైస్కూల్ మూడు నాలుగు ఊళ్ల అవతల ఉంటే ఆటోలో పదిమందితో కిక్కిరిసి వెళ్తాడు. ఒకటో తరగతి బిడ్డ బడి సొంత ఊళ్లోనే, నడిచి వెళ్లే దూరంలోనే ఉంటుంది. ఎలాగూ ఆ పిల్లలంతా సాయంత్రం కలిసే ఆడుకుంటారు. బడి తెరిచినందువల్ల కొత్తగా కలిసే మనుషులు తక్కువ. పైగా ఆ వయసులో అక్షరం రాకపోతే తర్వాత తరగతులన్నీ దాని మీదే కుంటుతాయి. మన పల్లె ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల పిల్లలు తక్కువే కాబట్టి గదుల కొరత కూడా ఉండదు.

నా సలహా: కరోనా తరహా రోగంలో సొంత ఊళ్లో ఉన్న ప్రాథమిక పాఠశాల ముందు, పదో తరగతి దాని వెంటనే, మధ్య తరగతులు ఆ తర్వాత. మాస్కు విషయంలో చిన్నపిల్లల్ని సతాయించకండి. ఐదేళ్లలోపు వాళ్లకు అది అవసరం లేదని డబ్ల్యూహెచ్ఓ కూడా చెప్పింది. పన్నెండు దాటినవాళ్లు పెద్దవాళ్లలాగే పెట్టుకోవాలి.

వంతులవారీగా పిలవడం

2021 ఫిబ్రవరిలో గదికి 20 మంది అన్నారు. కాగితం మీద బాగుంది. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న గదిలో మనిషికీ మనిషికీ ఆరడుగులు వదిలితే పదహారు మందే పడతారు. అరవై మంది ఉన్న తరగతిని మూడు జట్లు చేస్తే ఒక్కొక్కరికి వారానికి రెండు రోజులే బడి. అందుకే పెద్ద హైస్కూళ్లకే ఈ పద్ధతి వాడండి, అది కూడా వ్యాప్తి ఎక్కువగా ఉన్న వారాల్లోనే.

జట్లు ఎలా చేస్తారన్నది చాలా ముఖ్యం. రోల్ నంబర్ ప్రకారం సరి, బేసి అని విడదీయడం చాలామందికి తోచే పద్ధతి, అది పనికిరాదు. ఒక ఇంట్లో అక్క సోమవారం, తమ్ముడు మంగళవారం పోతే ఇంటికి రోజూ ప్రమాదమే. ఊరివారీగా, తండావారీగా, వాడవారీగా జట్లు చేయండి. ఒక తండా పిల్లలంతా ఏ తరగతివాళ్లైనా ఒకే రోజు రావాలి. వాళ్లు ఎలాగూ కలిసి తిరిగేవాళ్లే, ఒకే ఆటోలో వచ్చేవాళ్లే. జ్వరాలు మొదలైతే ఎవరి జట్టో వెంటనే తెలుస్తుంది, మిగతా రోజుల జట్లు నడుస్తూనే ఉంటాయి.

టీచర్ వాడకు వెళ్లడం నాకు బాగా నచ్చిన దారి, ఎవరూ పెద్దగా పట్టించుకోని దారి కూడా. కరోనా లాంటి వైరస్ మూసిన గదిలో గాలి ద్వారా పాకుతుంది, ఆరుబయట చాలా తక్కువ. వేపచెట్టు కింద, గుడి ముందు, పంచాయతీ ఆఫీసు అరుగు మీద పదిమందిని కూర్చోబెట్టి రోజూ రెండు గంటలు తెలుగు, లెక్కలు చెబితే ఒకటి నుంచి మూడో తరగతి దాకా పునాది నిలబడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర ఎండ కూడా ఇబ్బంది పెట్టదు. దీనికి మనుషులు కావాలి. 2020–21లో విద్యా వాలంటీర్లను, అంటే తాత్కాలిక టీచర్లను, కొనసాగించకపోవడం ఈ విషయంలో పెద్ద దెబ్బ. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలకు గౌరవ వేతనం ఇచ్చినా ఈ పని నడిచేది. మళ్లీ అలాంటి రోజులొస్తే బడి కమిటీలు మొదట అడగాల్సిన డబ్బు ఇదే.

గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు

ఇక్కడ జవాబు తేలిక కాదు. డే స్కూల్‌లో పిల్లవాడు ఆరేడు గంటలుంటాడు. హాస్టల్‌లో రాత్రంతా ఒకే హాలులో నిద్ర, ఒకే వరుస స్నానాల గదులు, ఒకే డైనింగ్. ఒక్కరికి వస్తే త్వరగా చాలామందికి పాకుతుంది. 2021 మార్చిలో బడుల్లో, హాస్టళ్లలో గుంపుగా కేసులు బయటపడటమే మళ్లీ మూతకు దారితీసింది. ఆగస్టు 31న హైకోర్టు కూడా అందుకే గురుకులాలను, హాస్టళ్లను పక్కన పెట్టమంది. మిగతా బడుల్లో కూడా పిల్లల్ని ప్రత్యక్ష తరగతులకు రమ్మని బలవంతపెట్టవద్దంది.

కానీ అదే హాస్టల్‌లో చదివేది కోయ పిల్లలు, గోండు పిల్లలు, లంబాడా పిల్లలు, దళిత కుటుంబాల పిల్లలు. మూడు పూటల తిండి అక్కడే. ఉట్నూరు, ఏటూరునాగారం ఐటీడీఏల (గిరిజనాభివృద్ధి సంస్థల) కింద ఉన్న ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఇంటి దగ్గర పుస్తకం తప్ప ఇంకేమీ లేదు, అది కూడా ఉంటేనే. అందరికంటే ఎక్కువ ప్రమాదం, అందరికంటే ఎక్కువ అవసరం ఒకే చోట కలిశాయి.

నేనైతే ఇలా తూస్తాను. వ్యాప్తి పెరుగుతున్నప్పుడు హాస్టల్ నింపవద్దు. ఆ పిల్లలు వాళ్ల సొంత ఊళ్లకు వెళ్లి ఉంటారు కాబట్టి, అక్కడి ప్రాథమిక పాఠశాలలోనో, చెట్టు కిందో వాళ్లకూ చోటు ఇవ్వాలి. అడ్మిషన్ ఎక్కడుందని అడగకూడదు. గురుకులం టీచర్లను ఆ గూడేలకు పంపాలి. వ్యాప్తి తగ్గాక సగం మందితో హాస్టల్ తెరవాలి. మంచానికీ మంచానికీ ఎడం ఉంచి, రాత్రి కూడా కిటికీలు తెరిచి, కొన్ని వారాలు ఇంటికి రాకపోకలు ఆపాలి. వంటవాళ్లకు, వాచ్‌మన్‌కు, వార్డెన్‌కు టీకా అయ్యిందో లేదో ముందు చూడాలి, ఎందుకంటే బయటి నుంచి రోజూ వచ్చేది వాళ్లే. అస్వస్థులకు విడిగా ఒక గది, దగ్గరలోని పీహెచ్‌సీకి బండి లేని హాస్టల్‌ను తెరవకూడదు. ఏటూరునాగారం దాటాక పెద్ద వైద్యమంటే చాలాసార్లు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దాకా రావాల్సి వస్తుంది, ఆ దూరం మర్చిపోయి నిర్ణయం తీసుకోవద్దు.

అందరినీ ఒకేసారి పిలవడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. టీచర్లకు టీకాలు పూర్తయి, జిల్లా ఆసుపత్రిలో పడకలు ఖాళీగా ఉండి, గదులకు ఎదురెదురు కిటికీలు ఉంటే అదే ఉత్తమం. హాస్టళ్లు తప్ప మిగతా బడుల్లో 2021 సెప్టెంబరులో జరిగింది అదే. రెండు నెలల ముందే, జూలైలో, ప్రాథమిక తరగతుల వరకైనా జరగాల్సింది.

మీ ఇంటి లెక్క

ప్రభుత్వం తెరిచినా పంపాలా వద్దా అన్నది ఇంట్లో తేలాలి. పిల్లకు పుట్టుకతో గుండె జబ్బు, క్యాన్సర్ చికిత్స, తరచూ రక్తం ఎక్కించాల్సిన తలసీమియా లాంటివి ఉంటే డాక్టర్‌ను అడిగే పంపండి. నానమ్మకు షుగర్ ఉంది, ఆయాసం ఉంది అంటే పిల్లను ఆపడం కంటే ముందు నానమ్మకు టీకా వేయించండి. పిల్ల బడి నుంచి రాగానే స్నానం, కొన్నాళ్లు నానమ్మ పక్కన కాకుండా వేరే పడక, ఇంట్లో గాలి ఆడేలా కిటికీలు. పిల్ల ఇంట్లో ఉన్నా మీరు పనికి, మార్కెట్‌కు వెళ్లి వస్తుంటే నానమ్మకు మీ నుంచి కూడా అంతే ప్రమాదం.

ప్రైవేటు బడి అయితే ఫీజు బకాయి గురించి బెదిరింపులకు లొంగి పంపకండి, అదే కారణంతో ఆపకండి కూడా. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చి, ఫీజులు పెంచవద్దనీ, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలనీ చెప్పింది. అలాంటి ఉత్తర్వు మళ్లీ వస్తుందేమో చూసి దాని ప్రకారం అడగండి. ఆ బడుల్లో పనిచేసే సార్లు, మేడమ్‌లు జీతాల్లేక కూరగాయలు అమ్ముకున్న సంగతి కూడా గుర్తుంచుకోండి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్రం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. కట్టగలిగినవాళ్లు ట్యూషన్ ఫీజు కడితేనే రేపు మీ పిల్లకు ఆ టీచర్ మిగులుతుంది.

తెరిచాక కేసు వస్తే

వస్తుంది. ఆ రోజు భయపడి మొత్తం బడి మూసేస్తే మళ్లీ తెరవడానికి నెలలు పడుతుంది. కాబట్టి తెరిచే ముందే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ (తల్లులు ఉండే బడి కమిటీ), హెచ్ఎం, సర్పంచ్, ఏఎన్ఎం కూర్చుని ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవాలి. జ్వరం ఉన్న పిల్లను ఇంటికి ఎవరు తీసుకెళ్తారు. పరీక్ష ఎక్కడ చేస్తారు. ఆ ఒక్క గదిని ఎన్ని రోజులు మూస్తారు. ఆ రోజుల్లో ఆ గది పిల్లలకు మధ్యాహ్న భోజనం ఇంటికి ఎవరు చేరుస్తారు. గదులు ఊడ్చేది ఎవరన్నది కూడా అందులోనే రాయాలి. 2021లో శుభ్రత పనిని పంచాయతీ సిబ్బందికి అప్పగించాక చాలా బడుల్లో ఊడ్చడానికి మనిషి దొరకలేదు, టీచర్లు, పిల్లలే చీపురు పట్టారు. ఆ కాగితాన్ని బడి గోడ మీద అందరికీ కనపడేలా అంటించాలి, తేదీ వేసి, ఫోన్ నంబర్లతో సహా.